రెండు దొడ్లు, ఒక సోయా బస్తా

ఆ ఉదయం బుజ్జి వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా పన్నెండు పందిపిల్లలను కాటా ఎక్కించాలి, తొమ్మిదింటికల్లా ఇంట్లో గొడవ తేలిపోవాలి, పదింటికి ప్రశాంతంగా టిఫిను తినాలి. ముప్పై రెండేళ్ళు వచ్చినా తల్లి నోట అతను బుజ్జే. ఆవిడను చూసి పశువుల డాక్టరూ అలాగే పిలిచేవాడు.

గొడవ దాణా గురించి. "గింజ మంచిదైతే చాలు. ఏరి కొన్న మొక్కజొన్న పెట్టు, పంది దానంతటదే పెరుగుద్ది" అని తల్లి. "మొక్కజొన్నతో ఓపికొస్తుంది అత్తయ్యా, కండ పట్టాలంటే సోయా పిండి కలపాల్సిందే" అని భార్య. చివరికి పందెం పడింది. ఒక్క ఈత పిల్లలనే రెండుగా పంచారు. ఎడమ దొడ్డిలో ఆరింటికి అత్తగారి ఉత్త మొక్కజొన్న, కుడి దొడ్డిలో ఆరింటికి కోడలి సోయా దాణా. నలభై రోజులు గడువు. గెలిచినవారికి దాణా గది తాళంచెవి.

పగలంతా బార్లా తెరిచి ఉండే గదే. కానీ తాళంచెవి ఎవరి నడుముకు వేలాడితే పెత్తనం వాళ్ళది. కాపురానికొచ్చి నాలుగేళ్ళయినా కోడలి చేతికి దొడ్లూడ్చే చీపురు తప్ప మరేమీ రాలేదు.

భార్య గెలవాలనే బుజ్జికీ ఉంది. కాకపోతే అమ్మ మరీ చిత్తుగా ఓడిపోతే ఆ ఇంట్లో పొయ్యికంటే ఆవిడే ఎక్కువ మండుతుంది. అందుకని రోజూ పొద్దున్నే సోయా బస్తాలోంచి గిన్నెడు పిండి తీసి అమ్మ దొడ్డి తొట్టిలో కలిపేవాడు. బస్తా తరిగినట్టు కనిపించకుండా అంతే మొక్కజొన్న పిండి అందులో పోసేవాడు. రెండూ పసుప్పచ్చనివే. ఎవరు కనిపెడతారు?

గడువు తీరిన ఆ ఉదయం కాటా మాత్రం కనిపెట్టింది. కుడి దొడ్డి సగటు ఇరవై నాలుగు కిలోలు. ఎడమ దొడ్డి ముప్పై ఆరు!

తూకానికి పిలిపించిన డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తూచాడు. కాటా మాట మార్చలేదు. ఆయన ఆశ్చర్యం పట్టలేక నలుగురికి ఫోను చేశాడు. ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు. అరగంటలో చుట్టుపక్కల పందులు పెంచేవాళ్ళంతా దొడ్లో ఉన్నారు. తల్లి బోర్లించిన తొట్టి ఎక్కి ఉపన్యాసం అందుకుంది.

"సోయా లేదు, గీయా లేదు! ఉత్త గింజ! కళ్ళారా చూసుకోండి!"

"పిన్నిగారూ, నా కళ్ళు తెరిపించారు. ఇప్పుడే కొట్టుకి ఫోన్ చేసి సోయా వద్దనేస్తా" అన్నాడొకడు. తక్కినవాళ్ళూ ఫోన్ల కోసం జేబులు తడుముకున్నారు. భార్య వెళ్ళి చీపురు తీసుకుంది.

ఆ చీపురు చూడగానే బుజ్జి ముందుకు దూకాడు. "ఆగండి! ఎవరూ ఫోన్ చెయ్యొద్దు! ఎడమ దొడ్డికి నేను రోజూ గిన్నెడు సోయా వేశాను. బదులు బస్తాలో మొక్కజొన్న పోశాను."

"గిన్నెడు సోయాకి పన్నెండు కిలోల తేడానా బుజ్జీ?" డాక్టరు నమ్మలేదు. బస్తాలో చెయ్యి పెట్టి చిటికెడు పిండి తీసి అరచేతిలో నలిపాడు. "ఇందులో సోయా ఏదయ్యా? దాదాపు అంతా మొక్కజొన్నే!"

ఓ పక్కన నిలబడ్డ బుజ్జి తండ్రి దగ్గాడు. "సాయంత్రం పూట నేనూ ఓ గిన్నె... ఎడమవైపు పిల్లలు మొదట్లో పాపం దిగాలుగా కనిపించాయి. ఊరికే తీయలేదు, బదులు పోశాన్లే."

అందరి కళ్ళూ తొట్టి మీదికి తిరిగాయి.

"నా వంక చూస్తారేం?" అంది తల్లి. "నేను వేసింది మధ్యాహ్నం ఒక్కపూటే!"

ముందు కోడలే నవ్వింది. తర్వాత దొడ్డంతా నవ్వింది.

"అంటే ఎడమవాటికి మూడు పూటలా సోయా, కుడివాటికి మిగిలింది మొక్కజొన్న" అన్నాడు డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ, కోడలితో. "గెలిచింది నీ దాణాయేనమ్మా. దొడ్డి మారిందంతే!"

ఇందాక సోయా వద్దనబోయిన పెద్దమనిషి మళ్ళీ ఫోను తీశాడు. "హలో, సోయా ఇంకో రెండు బస్తాలు ఎక్కువే పంపించండి!"

తల్లి తొట్టి దిగి తాళంచెవి విప్పి కోడలి చేతిలో పెట్టింది. "తీసుకో అమ్మాయీ. ఇకనించి నేను పెట్టినట్టే మూడు పూటలా సోయా పెట్టు."

"అలాగే అత్తయ్యా. ముందు పగలు కూడా తాళం వేస్తాను."

బుజ్జి టిఫిను పన్నెండింటికి తిన్నాడు. ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో ఏమీ దాచకుండా బతికింది కోడలూ, పందులూ మాత్రమే.