వణికిన చేతులు, అరగని రూల్సు

"ప్రజల ప్రాణాలు మా చేతుల్లో భద్రం!" అని రోడ్డు భద్రతా శాఖ గోడమీద మూరెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ శాఖ పెద్దసారు ప్రాణాలు మాత్రం పందొమ్మిదేళ్లుగా డ్రైవరు చేతుల్లో ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒక్క కుక్కపిల్లకైనా చక్రం తగలనివ్వని చేతులవి. ఈమధ్య అవి స్టీరింగు మీద వణుకుతున్నాయి.

నిజానికి వణికేది స్టీరింగే. చక్రాల అదురు పైదాకా రాకుండా ఆపడానికి ఆఫీసు జీపు కింద డ్యాంపరని ఒక గొట్టం ఉంటుంది. అందులో నూనె కాస్తా కారిపోయింది. అరవై వేగంలో చిన్న గతుకు తగిలితే చాలు, స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతోంది.

"డ్యాంపరు మార్చాలండి," అని డ్రైవరు మూడోసారి మొరపెట్టుకున్నాడు.

పెద్దసారు ఫైల్లోంచి తలెత్తలేదు. "విరిగిందా?"

"లేదండి. అరిగింది."

"రూల్సులో 'విరిగిన భాగము' అని ఉంది. 'అరిగిన' అని లేదు. విరిగాక రా."

"అది విరిగాక నేను రాలేనేమోనండి."

ఆ మాట పెద్దసారుకు పొగరుగా తోచింది. వెంటనే ముగ్గురితో కమిటీ వేశారు. ఎండ తగలకుండా షెడ్డులోనే నిలబెట్టి కమిటీ జీపును పరిశీలించింది. నిలబెట్టిన జీపు వణకలేదు. కనుక వణుకు డ్రైవరు చేతులదేనని ఏకగ్రీవంగా తేల్చేసింది. నెలలోగా తగ్గకపోతే ఉద్యోగం ఊడుతుందని మెమో వచ్చింది.

ఆ రోజు ఇంట్లో టీ గ్లాసు పట్టుకుంటే సగం ఒలికిపోయింది.

"మీ చేతులు నిజంగానే వణుకుతున్నాయండీ," అంది భార్య భయంగా.

"మెమో చదివినప్పట్నుంచీనే," అన్నాడతను.

మర్నాడు జీపు తీసుకుని తెలిసిన మెకానిక్కు దగ్గరికి పరుగెత్తాడు. "అన్నా, డ్యాంపరు పోయిందని ఒక కాగితం రాసివ్వు. నా ఉద్యోగం నిలబడుతుంది."

మెకానిక్కు మూలనున్న ఒక గొట్టాన్ని కాలితో చూపించాడు. "అదిగో, పొద్దున్నే విప్పాను. మీ సారు సొంత జీపుది. మీ ఆఫీసు బండీ, అదీ ఒకటే మోడలు కదా. పైన కాస్త నూనె తడి కనబడిందంతే. ఇంకో ఏడాది ఢోకా లేదండీ అంటే, 'నా పిల్లలు ఎక్కే బండయ్యా, విరిగేదాకా ఆగమంటావా' అని నన్నే కేకలేశారు."

డ్రైవరు ఆ మూలకు నడిచాడు. గొట్టాన్ని తీసుకుని రెండు చేతులతో నొక్కి చూశాడు. అది బిగువుగా, నింపాదిగా లోపలికి కదిలింది.

"కాగితం వద్దులే అన్నా. ఇది బిగించు."

ఆ సాయంత్రం నుంచి జీపు ఎన్ని గతుకుల్లో పడినా స్టీరింగు చెక్కుచెదరలేదు.

నెల తిరిగేసరికి శాఖ పత్రికలో పెద్దసారు ఫొటో పడింది. మందూమాకూ లేకుండా ఒక్క మెమోతో సిబ్బంది చేతుల వణుకు నయం చేసిన దక్షుడని కింద రాశారు. పెద్దసారు డ్రైవరును పిలిచి పత్రిక చూపించారు.

"చూశావా? లోపం బండిలో ఉందన్నావు."

"అంతా తమరి చలవేనండి," అన్నాడు డ్రైవరు. జీపు కింద బిగించింది తలుచుకుని, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.