తొలగించబడును

ఆ ఉదయం గాలిమేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తెరవాలి. గాలి కొట్టే మిషనుకు తెగడానికి సిద్ధంగా ఉన్న బెల్టును మార్చాలి. పది దాటకుండా మొదటి పంక్చరుకు అతుకు వేయాలి. పదిహేనేళ్లుగా వచ్చేపోయే బళ్ల చక్రాలకు గాలి నింపుతున్నందుకు వీధి అతనికి ఆ పేరు పెట్టింది. పేరులో గాలి ఉన్నా మనిషి బరువైనవాడే. దిగులు పడితే మరికాస్త బరువెక్కేవాడు.

ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ పక్కన పాత టైర్ల గుట్ట. వాన పడిన ప్రతిసారీ ఆ టైర్ల కడుపుల్లో నీళ్లు నిలిచేవి, నీళ్లలో దోమలు పుట్టేవి, దోమలు పుట్టిన మరునాటి నుంచి భార్య మాటలు మొదలయ్యేవి. ఆమె ఒక చెంబు పట్టుకుని టైరు తరవాత టైరు వంచి నీళ్లు తోడిపోసేది. అతను తల వంచుకుని అతుకులు వేసేవాడు.

బెల్టు కొలత రాసుకున్న చీటీ కోసం సొరుగు వెదుకుతూ అతను అతుకులు అంటించే సొల్యూషన్ డబ్బాను పైకెత్తాడు. డబ్బాతో పాటు ఒక కాగితమూ లేచింది. వారం కిందట వచ్చిన ఉత్తరం అది. తరవాత చదువుదామని సొరుగులో పడేసి, దాని మీద డబ్బా పెట్టి, రెంటినీ మరిచిపోయాడు. కాగితాన్ని లాగితే పైభాగం డబ్బా అడుగునే అంటుకుని ఉండిపోయింది. మిగిలిన కిందిభాగాన్ని భార్య వెలుతురులోకి పట్టుకుని చదివింది.

"తమ ఆవరణ యందు నిల్వయున్న పాత టైర్ల సంఖ్య నూటికి మించిన పక్షమున తొలగించబడును. తనిఖీ నిమిత్తము ఈ నెల పన్నెండవ తేదీ ఉదయం పదకొండు గంటలకు అధికారి విచ్చేయుదురు."

"పన్నెండంటే ఎప్పుడు?"

"ఇవాళే."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక, కూర్చోవడం తప్పేమోనని లేచాడు.

"ఇంతకీ ఏం తొలగిస్తారట?" అంది ఆమె.

ఈ ప్రశ్న చెవిన పడగానే లోపలి గదిలోంచి ఆమె అన్నగారు కాఫీ గ్లాసుతో బయటికి వచ్చారు. ఆయన ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో ఒక బల్ల మీది ఫైళ్లను ఇంకో బల్ల మీదికి మోసి పదవీ విరమణ చేశారు. చదవడం ఆయన పని కాదు. కానీ బరువును బట్టి ఫైలులోని సంగతి పసిగట్టగలనని ఆయన నమ్మకం. చిరిగిన కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని ఒకసారి తూచారు.

"కొట్టమ్మా, కొట్టు."

"అందులో కొట్టని రాయలేదు కదన్నయ్యా?"

"పిచ్చిదానా! గవర్నమెంటు దేన్నైనా తీసేయాలనుకుంటే దాని పేరు రాస్తుందా? రాస్తే జనం దాచేయరూ?"

గాలిమేస్త్రి కొట్టువంక చూశాడు. రేకుల కప్పు, నల్లబడిన గోడ, గోడకు వేలాడే ట్యూబులు. ఇదే అతని చదువు, ఇదే అతని ఉద్యోగం, ఇదే అతని ఊపిరి. ఇది పోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అతనికి తెలియదు.

"బావగారూ, ఇప్పుడెలా?"

"ఏముంది! నూటికి మించకపోతే సరి. లెక్కపెట్టు."

అతను లెక్కపెడితే నూట నాలుగు వచ్చాయి, ఆమె లెక్కపెడితే నూట తొమ్మిది. చివరికి ఒక్కొక్క టైరుకు సుద్దగీత గీస్తూ ఇద్దరూ కలిసి లెక్కపెడితే నూట ఆరు తేలాయి.

"ఆరు తీసేస్తే సరిపోతుంది" అన్నాడతను.

"ఏడు తీయండి. ఆ వచ్చే మనిషికి ఒకటి ఎక్కువ లెక్క వస్తే?" అంది ఆమె.

ఏడింటిలో నాలుగు టైర్లు ఎదురింటి దర్జీ దగ్గరికి, మూడు పక్కింటి టీచరమ్మ పెరట్లోకి దొర్లాయి. కాసేపే కదా అని ఇద్దరూ ఒప్పుకున్నారు. బావగారు వెంట వెళ్లి వాళ్లకు గట్టిగా పాఠం చెప్పారు.

"ఎవరడిగినా మావేననాలి. ఆఫీసరు పక్కనుండగా మా బావే వచ్చి అడిగినా సరే, మాట మార్చకూడదు. అది వాళ్ల ఎత్తు."

"నా నోట్లోంచి మాట రావడమా! కత్తెరతో కోసినా రాదు" అన్నాడు దర్జీ.

తొంభై తొమ్మిది. గాలిమేస్త్రి గుండెలో కాస్త గాలి ఆడింది. ఆ ధైర్యంతో బెల్టు కొనడానికి స్కూటరు మీద బజారుకు వెళ్లాడు.

అతను వెళ్లిన గంటలో మాట వీధంతా తిరిగింది. దర్జీ ఇంటి ముందు అది "నూరు టైర్లు దాటితే కొట్టు తీసేస్తారట"గా బయలుదేరింది. మందుల షాపు దాటేసరికి అందులో నూరు రాలిపోయింది. వీధి మలుపు తిరిగేసరికి కొట్టు కాస్తా ఇల్లయింది. "టైరు కనబడితే ఇల్లు తీసేస్తారట!" అని చివరి ఇంటికి చేరింది.

అతను తిరిగివచ్చేసరికి గుట్ట పెరిగి ఉంది. అందులో ఒక టైరుకు ఆకుపచ్చ రంగు ఉంది, ఒకదానికి తెగిన ఉయ్యాల తాడు ఉంది, ఒకదాని మధ్యలో ఒక పిల్లి నిశ్చింతగా నిద్రపోతోంది.

"ఇవన్నీ ఎక్కడివే?" అన్నాడతను.

"రేకులు ఎగరకుండా కప్పుల మీద పెట్టుకున్నవీ, పిల్లలు ఆడుకునేవీ, అన్నీ తెచ్చి పడేసిపోయారు. వద్దంటే వింటేనా! 'టైర్లు మీ దగ్గరుంటేనే అందమమ్మా' అంటారు."

"మొత్తం ఎన్ని?"

"కొత్తవి ముప్పై నాలుగు. పిల్లిని లెక్కేయలేదు."

పది దాటి పది నిమిషాలు. అతను బెల్టును చేతిలోనే పట్టుకుని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు తిరిగాడు. నుదురు తుడుచుకుంటే నుదురు నల్లనైంది. చివరికి వీధి చివర మొక్కలమ్మే ఆవిడ గుర్తుకు వచ్చింది. ఆవిడ తోపుడుబండితో వచ్చి, టైర్లను తట్టి చూసి, కళ్లు చిట్లించింది.

"మట్టి నింపితే మంచి కుండీలవుతాయి. ముప్పై నాలుగూ పట్టుకుపోతాను. మళ్లీ ఇమ్మనవు కదా?"

"అనను తల్లీ! కాళ్లమీద పడి ఇస్తానన్నా తీసుకోను."

బండి మూడుసార్లు తిరిగింది. పిల్లి నాలుగుసార్లు లేచింది. పదకొండుకు అయిదు నిమిషాలుండగా భార్య చివరి సుద్దగీత చూసి తల ఊపింది. తొంభై తొమ్మిది.

అప్పుడే వీధి మొగలో ఒక పెద్ద లారీ ఆగింది. ఖాళీ లారీ. దాన్ని చూడగానే గాలిమేస్త్రికి తన రేకులు, తన గోడ, తన స్టూలు అన్నీ అందులో ఎక్కినట్టే కనిపించాయి. లారీలోంచి ఒక యువతి చంకలో రిజిస్టరుతో దిగివచ్చింది.

"నమస్తే అండీ. లెక్క చూసుకుందామా?"

ఆమె లెక్కపెడుతున్నంతసేపూ అతను ఊపిరి బిగబట్టాడు. బావగారు గ్లాసు బిగబట్టారు. ఆమె పెన్సిలు ఆగింది.

"తొంభై తొమ్మిది" అంది ఆమె. ఆ తరవాత, "అయ్యో!" అంది.

"అయ్యో ఎందుకండీ? నూటికి మించలేదుగా!"

"అదేనండీ బాధ. మించితేనే తొలగిస్తాం."

"కొట్టా?"

"కొట్టెందుకు తొలగిస్తామండీ? టైర్లు!" ఆమె రిజిస్టరులోంచి ఒక దరఖాస్తు తీసి చూపించింది. "టైర్లలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతున్నాయి, వీటిని తీసుకుపొమ్మని మీరే కదా కిందటేడు పెట్టారు? తీసుకెళ్లి పొడి చేసి రోడ్లలో కలుపుతారు. కానీ నూటొకటైనా లేనిదే లారీ ఎక్కించకూడదని రూలు. మీ పేరు మళ్లీ రావాలంటే ఏడాది."

దరఖాస్తు కింద అతని సంతకం ఉంది. సంతకం పక్కన, ఎవరూ కాదనడానికి వీల్లేని నల్లటి వేలిముద్ర కూడా ఉంది. భార్య మొదట ఆ కాగితాన్ని చూసింది, తరవాత అతన్ని చూసింది, ఆఖరున అన్నగారిని చూసింది. ఆయన గ్లాసులో లేని కాఫీ తాగుతున్నారు.

"రెండు కావాలి, అంతేగా? ఒక్క పది నిమిషాలు!" అంటూ గాలిమేస్త్రి ఎదురింటికి పరుగెత్తాడు. అధికారిణి కూడా వెనకే వచ్చింది.

"దర్జీగారూ, నా టైర్లు ఇచ్చేయండి!"

దర్జీ మిషను ఆపాడు. అధికారిణిని చూశాడు. గాలిమేస్త్రికి మెల్లగా కన్నుగీటాడు.

"మీ టైర్లేమిటండీ? ఇవి మావి."

"అది పొద్దుటి మాట! ఇప్పుడు నిజంగా అడుగుతున్నాను!"

"ఎంత నిజంగా అడిగినా మావేనండీ. మా తాతగారి నాటివి."

టీచరమ్మ తలుపే తీయలేదు. "మా పెరట్లో ఉన్నవి మావే! ముమ్మాటికీ మావే!" అని కిటికీలోంచి మూడుసార్లు, పిల్లల చేత చెప్పించినట్టు, స్పష్టంగా ఉచ్చరించింది. మొక్కల ఆవిడ కుండీల వైపు అతను వెళ్లనే లేదు. అక్కడ అప్పటికే మట్టి నిండింది, పైగా అతని మాట ఉంది.

కొట్టు దగ్గరికి తిరిగివచ్చేసరికి లారీ డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఏడాది దోమలు ఒక్కసారిగా అతని చెవిలో రొదపెట్టాయి. భార్య వంగి, గుట్ట పక్కనున్న చెంబును చేతిలోకి తీసుకుంది. అంతే.

ఆ చెంబును చూడలేక అతను తల తిప్పుకున్నాడు. తల తిప్పిన వైపు స్కూటరు ఉంది.

అతని చేతులు అంత వేగంగా ఎన్నడూ పనిచేయలేదు. ఏడు నిమిషాల్లో రెండు చక్రాలూ ఊడాయి, రెండు టైర్లూ గుట్ట మీదికి చేరాయి.

"ఇవి పాతవేనా?" అని అధికారిణి అనుమానంగా వంగింది.

బావగారు ఒక టైరును నిమిరి, తరవాత తన బట్టతలను నిమురుకున్నారు. "తడిమి చూడమ్మా. నాకన్నా నున్నగా ఉన్నాయి."

ఆమె నవ్వాపుకుని, నూటొకటి అని రాసుకుంది. గంటలో గుట్ట మొత్తం లారీ ఎక్కింది. అది ఉన్నచోట పదిహేనేళ్లుగా ఎండ చూడని నేల బయటపడింది. భార్య చెంబును లోపల పెట్టి వచ్చి, ఆ నేల మీద ఊరికే నాలుగడుగులు నడిచింది. ఆమె నడుస్తుంటే చూసి గాలిమేస్త్రికి చాలా తేలికగా అనిపించింది. ఇటుకల మీద నిలబడ్డ స్కూటరును అతను చూడదలచుకోలేదు.

సాయంత్రం దర్జీ, టీచరమ్మ విజయగర్వంతో టైర్లు దొర్లించుకుంటూ వచ్చారు.

"చూశారా, నోరు విప్పామా?" అన్నాడు దర్జీ. "మీ సొత్తు మీకు భద్రంగా అప్పజెప్పాం."

ఏడు టైర్లూ శుభ్రమైన నేల మీద ఒకదాని మీద ఒకటిగా పేరుకున్నాయి. పిల్లి వచ్చి పైదానిలో ముడుచుకుంది. భార్య సుద్దముక్క తీసుకుని గోడ మీద ఏడు అని రాసింది.

లారీ మళ్లీ రావడానికి ఇంకా తొంభై నాలుగు తక్కువ.