మఠంలో సీటు

పొద్దున్నే కడప హాస్టల్ నుంచి అమ్మకు ఫోన్ చేసి, విషయం చెవిన వేసి, ఆ తర్వాత ఊరి బస్సెక్కాలని శివజ్యోతి అనుకుంది. తాను కోడుమూరు చేరేలోగా అమ్మే నాయనను మెత్తబరుస్తుందని ఆశ. ఆయన బసవన్న, కూతురు బీఎడ్ చదివి టీచరు కావాలని పట్టుబట్టిన రైతు. ఆమెకేమో విశ్వవిద్యాలయంలో మతాల గురించి చదివే ఎం.ఏ.లో సీటు వచ్చింది.

ఫోన్ మోగేసరికి తల్లి ఈరక్క పిండి మిషన్ దగ్గర జొన్నలు ఆడిస్తోంది.

"అమ్మా, నాకు మతం కోర్సులో సీటొచ్చినాది. నాయనకు నువ్వే చెప్పాల."

మిషన్ హోరులో మతం కాస్తా మఠమైంది. "మఠంలోనా? యాల మే?"

ఆ హోరులోనే కూతురికి మఠం తిరిగి మతంగా వినబడింది. "నాకు అదంటే శానా ఇష్టమమ్మా. ఇంటికే వస్తాండా" అంటూ శివజ్యోతి బస్సెక్కింది.

ఈరక్క బోరుమంది. పక్కనున్న గురమ్మ ఆమెను ఓదార్చి, ఆ కబురును వీధివీధికీ మోసింది. మొదటి వీధిలో పిల్ల మఠంలో చేరుతోంది. రెండో వీధికి గుండు చేయించుకుంది. బస్టాండు చేరేసరికి సాక్షాత్తు మాతాజీ అయి ఊరికి వేంచేస్తోంది.

సాయంత్రం శివజ్యోతి బస్సు దిగగానే తప్పెట్లు మోగాయి. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. గురమ్మ వచ్చి కాళ్ళ మీద పడింది.

"లెయ్ అవ్వా! ఏమైనాది మీకు?"

"ఓ యమ్మా, జుట్టు అట్లనే ఉండాదే!" అంది గురమ్మ నిరాశగా.

అంతలో బసవన్న గుంపును తోసుకొచ్చాడు. కూతురి సంచి లాక్కుని రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. "మఠం వద్దు పాపా. బీఎడ్ బీఎడ్ అని నేనే నీకు విరక్తి పుట్టిస్తి. నీకేది ఇష్టమైతే అది చదువుకో. మమ్మల్ని ఇడిసి మాత్రం పోవద్దు."

ఆ మాట పట్టుకుని ఊరుకున్నా ఆమె పని జరిగిపోయేది. కానీ సంచిని వదలని ఆ చేతులు చూసి మనసొప్పలేదు.

"మఠం కాదు నాయనా, మతం! శివుణ్ణి మొక్కే మనమే దర్గాకూ పోతాం గదా? ఎందుకట్లా అంటే చరిత్రోళ్ళు ఒకటి చెబుతారు, మనసును చదివేటోళ్ళు ఇంకోటి చెబుతారు. అవన్నీ కలిపి చదివే చదువు."

"ఉజ్జోగం వస్తాదా?"

"తెలీదు నాయనా. కష్టపడి తెచ్చుకుంటా."

బసవన్న సంచిని భుజానికేసుకున్నాడు. "పొద్దున్నించి నిన్ను కాషాయంలో తలుచుకుని ఏడుస్తాండా. దానికన్నా ఇది శానా నయం. చదువుకో పో." తర్వాత గొంతు తగ్గించాడు. "మీయమ్మకు తెలీదు గానీ, బిడ్డ పుట్టాలని నేనూ దర్గాలో మొక్కుకుని చక్కెర చదివించినా. అందుకే నువ్వు పుట్టినావు."

వెనకే ఉన్న ఈరక్క కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది. "నువ్వెప్పుడు చదివిస్తివి? నీకు తెలీకుండా చదివించింది నేను గదా!"

శివజ్యోతి చేరిన కోర్సులో చాలా శాస్త్రాలే ఉన్నాయి గానీ, తాను ఎవరి చక్కెరకు పుట్టిందో తేల్చేది మాత్రం వాటిలో లేదు.