గేటు దాటిన ఆల్చిప్ప

మన కింది చెరువులోకి చారల ఆల్చిప్ప రావడం మన అదృష్టం! ఈ మాట అన్నందుకు నన్ను తిట్టదలచుకున్నవారు ఈ వ్యాసం చివరిదాకా ఓపిక పట్టండి. అప్పటికి తిట్లు ఇంకా బాగా కుదురుతాయి.

ఆల్చిప్ప అంటే ఎంత? వేలిగోరంత. ఒంటినిండా గోధుమరంగు చారలు. ఎక్కడో దూరదేశపు నదుల్లో పుట్టి, ఓడల అడుగున దాక్కుని, టిక్కెట్టు కొనకుండా సముద్రాలు దాటి మన దగ్గరికి చేరింది. మనలో ఎంతమందికి ఉందండీ ఆ తెగువ? నేనైతే పక్క ఊరికి బస్సెక్కినా, ఇంటికి తాళం వేశానో లేదోనని సగం దారిలో దిగిపోయే రకం.

ఒక్క తల్లి ఏడాదికి లక్షల గుడ్లు పెడుతుందట. పిల్లలు కంటికి ఆనవు. కొన్నాళ్ళు నీళ్ళలో తేలి తేలి, గట్టి చోటు దొరకగానే సన్నటి దారాలు వదిలి అంటుకుపోతాయి. రాయి, పడవ, పైపు, సాటి ఆల్చిప్ప వీపు, ఏదైనా సరే. ఇక అక్కణ్ణించి కదిలేది లేదు. కూర్చున్నచోటే కూర్చుని నోటికి అందింది లాగించడమే పని. ఈ వివరాలన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. "ఇందులో వింతేముంది, ఆదివారం మీరు చేసేది అదేగా" అంది.

ఒక్కో చిప్ప రోజుకు ఇంచుమించు లీటరు నీళ్ళు వడగడుతుంది. కింది చెరువు అద్దంలా తేటపడింది! చేపపిల్లలు తినాల్సిన నలుసులు కూడా చిప్పలే మింగేస్తున్నాయని, చేపలు చిక్కిపోతున్నాయని చేపలవాళ్ళు గొణుగుతున్నారు. మనుషులు డైటింగ్ కోసం నానా తంటాలు పడుతుంటే చేపలకు ఉచితంగా జరుగుతోంది. అదీ తప్పేనా? తేట నీళ్ళలో ఎండ అడుగుదాకా దిగి నాచు తెగ పెరిగింది. పచ్చదనం కావాలని గోలపెట్టింది మనం కాదూ? ఒడ్డున పడ్డ చిప్పలు అరికాళ్ళు కోస్తున్నాయి. చెప్పుల షాపాయన ముఖం చూడండి, ఎంత కళకళలాడుతోందో!

ఇక పైపులు మూసుకుపోవడం వల్ల జరిగిన మేలు చెప్పనలవి కాదు. కొళాయి నుంచి దారంలా నీళ్ళు వస్తుంటే బాత్రూంలో పాటలు పాడేవాళ్ళు తగ్గారు. ఏళ్ళ తరబడి పలకరింపులు లేని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ బకెట్లతో కిందికి దిగి మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో ఇక్కడ రాస్తే బాగుండదు.

ఉపాధి సంగతి సరేసరి. మా బావమరిది వాటర్ వర్క్స్‌లో డైవర్. చెరువు అడుగుకు దిగి, ఊరికి నీళ్ళు లాగే పెద్ద పైపు మూతికి పట్టిన చిప్పలను గీకడం వాడి పని. గీకినచోట మళ్ళీ పడతాయి. మందు పోద్దామంటే తాగే నీళ్ళాయె. వేడినీళ్ళకు చస్తాయి, కానీ చెరువు కింద పొయ్యి పెట్టేదెవరు? కాబట్టి వాడికి జీవితాంతం పనికి ఢోకా లేదు! కాకపోతే లోతు నీళ్ళలో మునిగి మునిగి ఒక చెవిలో హోరు పట్టుకుంది. ఇంకా దిగితే ఆ చెవి పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. వాడి ఆశలన్నీ అప్పటికింకా చిప్ప సోకని పై చెరువు మీదే ఉండేవి. ఊరికి నీళ్ళు అక్కణ్ణించి మొదలైతే వాడు మునగనక్కర్లేదు, పంపుహౌస్‌లో కుర్చీలో కూర్చోవచ్చు.

అందుకే పై చెరువుకు గేటు పెట్టారు. కింది చెరువులో తిరిగిన ఏ పడవైనా అక్కడ ఆగాలి. అడుగున నిలిచిన నీళ్ళు పారబోసి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో బాగా ఆరాకే లోపలికి. గేటు పక్కన పెద్ద బోర్డు: "కడగండి, ఆరబెట్టండి, చెరువును కాపాడండి." ఆ వాక్యం రాసింది ఎవరనుకున్నారు? మీ విధేయుడే!

కిందటి వేసవిలో నా చిన్న పడవను కారుకు తగిలించుకుని ఆ గేటుకు వెళ్ళాను. అది కింది చెరువు నుంచి పైకి వచ్చి గంటైనా కాలేదు. నాకంటే ముందొచ్చిన చేపలాయన తన పడవను బోర్లించి, అది ఆరేదాకా గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే గార్డు లేచి నిలబడ్డాడు.

"మీరా సార్. బోర్డు రాసినవారు, మీకు చెకింగేంటి. వెళ్ళండి వెళ్ళండి."

పడవ అడుగున నాలుగు చెంబుల నీళ్ళున్నాయని చెబుదామనుకున్నాను. కానీ అంత గౌరవంగా గేటెత్తిన మనిషి మనసు నొప్పించడం మర్యాదేనా? చేపలాయన నావైపే చూస్తుంటే చెయ్యి ఊపి ముందుకు పోయి, పడవను పై చెరువులో దింపాను.

ఈ ఏడాది పై చెరువులో కొత్తగా వేసిన పైపుకూ చిప్పలు పట్టాయి. బావమరిది మా ఇంటికొచ్చి ఒక చిప్పను టేబుల్ మీద పెట్టాడు.

"ఎవడో పడవ ఆరబెట్టకుండా దింపాడు బావా. వాడెవడో తెలిస్తే బాగుండు."

"తెలిస్తే ఏం చేస్తావురా?"

"ఏం చేస్తాను. ఎందుకిలా చేశావని అడుగుతాను, అంతే."

మా ఆవిడ నావైపు చూసింది. నేను చిప్ప మీది చారల అందాన్ని మెచ్చుకున్నాను.

ఆ 'ఎవడో' ఎవడో తేల్చడానికి కమిటీ వేశారు. నిజాయితీపరుడు కావాలని నన్నే అధ్యక్షుణ్ణి చేశారు. గేటు దగ్గర తనిఖీ ఇంకా కఠినంగా ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. తరచూ పడవ తెచ్చే చేపలాయన మీద ఒక కన్నేసి ఉంచమన్నాం. పనుల ఒత్తిడి దృష్ట్యా కమిటీ సభ్యుల పడవలకు మినహాయింపు ఇచ్చాం.

నిన్న పొద్దున బావమరిది పై చెరువులో దిగుతున్నాడంటే వెళ్ళాను. చాలాసేపటికి పైకొచ్చాడు. పెదాలు నీలం తిరిగాయి. తువ్వాలు అందించాను. పక్కన నిలబడి, "ఆ పడవ నాదేరా" అన్నాను.

వాడు నా పెదాలు కదలడం చూశాడు. మెడ తిప్పి, వినపడే రెండో చెవి నావైపు పెట్టాడు.

"ఏమన్నారు బావా? ఆ పక్క అసలు వినపడటం లేదు."

"ఏం లేదురా. తల తుడుచుకో అన్నాను."

"మీరెందుకొచ్చారు ఈ చలిలో, జలుబు చేస్తుంది. ఇంటికెళ్ళండి" అన్నాడు.

చూశారా, ఆల్చిప్ప నాకు ఎంత మేలు చేసిందో! కాదనేవారు ఎవరైనా ఉంటే, ఆ పడవ సంగతి వాడికి మీరే చెప్పండి. వినపడే చెవి వైపు నిలబడి చెప్పండి. నావల్ల కావడం లేదు.