సుంకులమ్మ ట్యాంకు మూత

మద్దిలేటికి అన్యాయం జరిగింది. చనిపోయిన భార్యలను వాహనాలుగా తిరిగి ఇచ్చే సర్కారు పథకంలో ఊళ్ళో అందరికీ రోడ్డు మీద తిరిగేవి ఇచ్చి, అతనికి మాత్రం మంచు మీద తిరిగేది ఇచ్చారు.

ఎదురింటి ఈరన్న భార్య స్కూటరుగా వచ్చింది. ఈరన్న రోజూ ఆమె మీద బజారుకు పోయి కూరగాయలు తెచ్చుకుంటున్నాడు. బండల ఫ్యాక్టరీ గుమాస్తా భార్య ట్రాక్టరుగా వచ్చి, కొడుకు పొలం దున్నుతోంది. మద్దిలేటి భార్య సుంకులమ్మ మాత్రం ముందు రెండు ఇనుప పట్టీలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, మధ్యన చిరిగిన సీటుతో ముప్పై అయిదేళ్ళ నాటి స్నోమొబైల్‌గా లారీలోంచి దిగింది. రసీదులో ఇట్లా ఉంది: "భార్య, ఒకటి. పాతది. నడుచు స్థితి." మద్దిలేటి ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. రసీదు రెండుసార్లు చదివి సంతకం చేశాడు.

మరునాడు మండల కార్యాలయానికి పోయాడు. పునరాగమన విభాగంలో ప్రసన్నలత అనే జూనియర్ అసిస్టెంట్ అతని కాగితాలు చూసింది.

"మంచు మా శాఖ కిందికి రాదు పెద్దాయనా. భార్య వరకే మాది. ఇంకోటి, ఏటా నడక తనిఖీ ఉంటుంది. ఫ్యాక్టరీ దిబ్బ చుట్టూ మూడు చుట్లు నడవాల. మీ చేతిలో నడవకపోతే, ఎవరి చేతిలో నడిస్తే వాళ్ళ పేరుకు మార్చేస్తాం."

"నా పెండ్లాన్నా?"

"వాహనాన్ని."

నిజానికి మంచు లేకపోవడం పెద్ద ఇబ్బంది కాలేదు. ఊరి చుట్టూ బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలే. అవి పారబోసిన తెల్లటి రాతిపొడి ఎండి దిబ్బలు దిబ్బలుగా పడి ఉంది. సుంకులమ్మ దాని మీద చక్కగానే జారింది. ఇబ్బంది అంతా పెట్రోలుతోనే వచ్చింది. పది నిమిషాలు నడిచేది, రెండుసార్లు దగ్గేది, ఆగిపోయేది. పావుగంట ఊరుకుంటే మళ్ళీ లేచేది. మళ్ళీ పది నిమిషాలే.

మద్దిలేటి ఒకరిని సలహా అడిగే మనిషి కాదు. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఇంజను దాకా తానే వెతుక్కుంటూ పోయాడు. ట్యాంకు నిండుగా ఉంది. గొట్టం ఎండి బీటలు వారితే కొత్తది వేశాడు. ఫిల్టరు మార్చాడు. ఇంజను ఊపుకు కొట్టుకునే చిన్న పెట్రోలు పంపు విప్పి, లోపల చిరిగిన పొర తీసి కొత్త పొర వేశాడు. కార్బురేటరు ఊడదీసి సన్న రంధ్రాలన్నీ గాలి కొట్టి శుభ్రం చేశాడు. బండి పది నిమిషాలు నడిచి ఆగింది. వెంటనే కార్బురేటరు కింది గిన్నె విప్పి చూశాడు. పైన ట్యాంకు నిండుగా ఉంది, కింద ఆమె గిన్నె ఖాళీ. బతికున్నప్పుడు కూడా ఆమె గిన్నె ఖాళీగా ఉండటం ఒకటి రెండుసార్లు అతని కంటపడింది. అప్పుడు కారణం వెతకాలనిపించలేదు.

అతను చూడనిది ట్యాంకు మూత ఒక్కటే. మూతకు సూది మొనంత రంధ్రం ఉండేది. బండి వచ్చిన వారంలోనే ఈరన్న తన అరుగు మీద కూర్చుని కేకేశాడు.

"మీ ఇంటామె వాసన మా అరుగు దాకా వస్తాంది మద్దిలేటీ! మా దానికి ఇంత వాసన లేదబ్బా."

ఆ సాయంత్రమే మద్దిలేటి లక్క కరిగించి ఆ రంధ్రం మూసేశాడు. పెళ్ళయిన కొత్తలో వంటింటి కిటికీ మూసింది కూడా ఆ అరుగు వల్లనే. కిటికీలోంచి అరుగు కనబడేది, అరుగు మీంచి సుంకులమ్మ కనబడేది. కిటికీకి బండ అడ్డం పెట్టి సిమెంటు పూశాడు. తరవాత ఆమె పొయ్యి పొగకు దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు వీధిలోకి వినబడకపోవడం బండ వల్ల కలిగిన మరో లాభంగా అతనికి తోచింది.

తనిఖీ వారంలోకి వచ్చింది. గత్యంతరం లేక మెకానిక్ నాగశేషులును పిలిపించాడు. నాగశేషులు పానా అడిగితే తేవడానికి మద్దిలేటి లోపలికి పోయాడు. తిరిగి వచ్చేసరికి ట్యాంకు మూత నాగశేషులు చేతిలో ఉంది. ట్యాంకు సుయ్యిమని గాలి పీల్చుకుంటోంది. పొయ్యి దగ్గర్నించి పెరట్లోకి వచ్చి సుంకులమ్మ పీల్చే మొదటి ఊపిరి అట్లాగే ఉండేది.

నాగశేషులు రంధ్రం పొడిచి, మూత పెట్టి, బండెక్కాడు. దిబ్బ చుట్టూ అరగంట తిప్పాడు. బండి ఆగలేదు. దగ్గలేదు. ఇంజను సన్నగా, తేలిగ్గా మోగుతోంది. జనం పని ఆపి చూశారు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆమె అట్లా నవ్వింది లేదు. నవ్వి ఉంటే ఎందుకని అతను అడిగి ఉండేవాడు.

"మూత తీయమని ఎవురు చెప్పినారు?" అన్నాడు మద్దిలేటి, బండి తిరిగి ఇంటి ముందుకు రాగానే.

"తీయకుంటే ఎట్లన్నా? లోపలికి గాలి పోతేనే గదా పెట్రోలు కిందికి దిగేది. లక్క పెట్టి మూసింటివే! పది నిమిషాలైనా ఎట్ల ఓర్చుకునిందో పాపం వదిన."

"వదిన అనాకు."

"మరేమనాల? బండి అనాల్నా?"

"ఏమీ అనాకు. దిగు."

నాగశేషులు దిగాడు. అతను వీధి మలుపు తిరగ్గానే మద్దిలేటి మళ్ళీ లక్క కరిగించాడు. ఈసారి రెండు పూతలు పూశాడు.

తనిఖీకి ముందు, బండి లోపం గురించి మెకానిక్ రాసిచ్చిన కాగితం జతచేసి కార్యాలయంలో ఒక ఫారం నింపాలి. ప్రసన్నలత మరణ పత్రం ఒక చేత్తో, మెకానిక్ ఇచ్చిన కాగితం ఒక చేత్తో పట్టుకుని కంప్యూటరు వైపు చూసింది.

"మరణ కారణం దగ్గర 'గాలి అందక' అని ఉంది. బండి లోపం దగ్గరా 'గాలి అందక' అనే ఉంది. రెండుచోట్లా ఒకటే ఉంటే కంప్యూటరు తీసుకోదు పెద్దాయనా. ఏదో ఒకటి మార్చాల."

"రెండోది మార్చు. పెట్రోలు దిగదు అని రాయి."

ఆమె అట్లాగే రాసింది. కంప్యూటరు తీసుకుంది.

తనిఖీ రోజు అధికారి గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఊరంతా వచ్చింది. మద్దిలేటి చేతిలో సుంకులమ్మ ఒకటిన్నర చుట్టు నడిచి, రెండుసార్లు దగ్గి, ఆగింది. నాగశేషులు ముందుకొచ్చాడు.

"మూత కొంచెం వదులు చేస్తే చాలు సార్. నడుస్తాది."

అధికారి నిబంధనలు తిరగేశాడు. మూత తీసే హక్కు భర్తదే అని ఉంది.

"తీస్తారా?" అని అడిగాడు.

"తియ్ మద్దిలేటీ," అన్నాడు ఈరన్న. "అంత బొక్కకు ఏమైతాది?"

ఏమవుతుందో మద్దిలేటికి తెలుసు. మూత వదులు చేస్తే ఆమె తన చేతిలోనే మూడు చుట్లూ నడుస్తుంది, తన పేరు మీదే ఉంటుంది. కానీ అట్లా నడిచే బండి నాగశేషులు చేతిలోనూ నడుస్తుంది. ఈరన్న చేతిలోనూ నడుస్తుంది.

"తీయను," అన్నాడు.

పావుగంట ఆగి నాగశేషులు ఎక్కాడు. రెండు పూతల లక్కకు ఈసారి పావుగంటలోనూ గాలి చొరబడలేదు, నాలుగు గజాలు పోయి బండి ఆగింది. ఇంకెవరైనా ఉన్నారా అని అధికారి అడిగాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఆయన రాసుకున్నాడు: "నడవదు. పేరు మార్పుకు అనర్హం. భర్త వద్దనే ఉంచవలెను."

మద్దిలేటి ముఖం చూసి ఓదార్పుగా అన్నాడు: "బాధపడాకండి. ఈ ఒక్క మండలంలోనే ఇట్లాంటివి నూట నలభై ఉన్నాయి. ఇండ్లల్లో బాగానే ఉంటున్నాయి. వాటి మీద మాకు ఒక్క ఫిర్యాదూ రాదు."

నలుగురూ కలిసి ఆమెను ఇంటిదాకా తోసుకొచ్చారు. ముందు గదికి వీధివైపు కిటికీ ఉంది. అందుకని వంటింట్లో పెట్టించాడు. గొట్టం ఊడదీసి పెట్రోలు వంచేశాడు. లక్క తీయలేదు. ఇప్పుడు ఆమె పక్కనే పొయ్యి రాజేసి వండుకుంటున్నాడు. పొగకు అతనికి దగ్గు వస్తోంది. వీధిలోకి వినబడదు.

ఒకరోజు ఈరన్న స్కూటరు ఆపి అడిగాడు.

"ఇంతకూ మీ ఆమెకు ఏమైంది మద్దిలేటీ?"

"పెట్రోలు దిగలేదు," అన్నాడు మద్దిలేటి. "ఇంగ ఆ మాట నా దగ్గర ఎత్తాకు."

ఈరన్న మళ్ళీ ఎత్తలేదు. మద్దిలేటి అసలే ఎత్తలేదు.