కృపానందం చెప్పలేని మనవి

శుక్రవారం పొద్దున్నే ఇడ్లీ పళ్లెం ముందు పెట్టి, జీవమ్మ మొగుడి చేత ఒట్టు వేయించుకోబోయింది. ఒట్టు పెట్టుకోకూడదని బైబిల్లో ఉంది కాబట్టి మాటతో సరిపెట్టుకుంది.

"రేపు పదింటికి నేను కాలేజీలో చేరడానికి వెళ్తున్నానని చీమక్కూడా తెలియకూడదండీ. ఊళ్లో టైపు పరీక్ష తప్పిన ప్రతిసారీ వీధి వీధంతా పరామర్శకొచ్చింది. ఈసారి తప్పితే మీకూ నాకూ మాత్రమే తెలియాలి."

"నేనెవరికి చెబుతానే?" అన్నాడు కృపానందం, చట్నీ వడ్డించుకుంటూ.

ఊరు వదిలి ఈ ఎడారి దేశానికొచ్చిన జీవమ్మ అద్లియాలో ఒక కేఫ్‌లో గిన్నెలు కడుగుతుంది. కడుగుతూ కడుగుతూ ఓవెన్ వైపు చూస్తుంది. ఆ చూపు కనిపెట్టిన ఓనరమ్మ, సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఓవెన్ దగ్గరే నిలబెడతానంది. ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు బేకరీ కోర్సు ఉంది. ఆ కాలేజీ పుట్టుకే వేరు. ఖాళీ అయిన పాత ఆసుపత్రి భవనంలో, చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడానికి మొదలుపెట్టారట. తర్వాత టైపు, కుట్టుపని వచ్చాయి. ఇప్పుడు కంప్యూటర్లు, అకౌంట్లు, ఏసీ రిపేరు, పిల్లల సంరక్షణ, అన్నీ ఉన్నాయి. అక్కడ వయసు అడగరు, పాత మార్కులు అంతకన్నా అడగరు. ఆ ఒక్క ముక్క విన్నాకే జీవమ్మకు ధైర్యం వచ్చింది.

కృపానందం మాట తప్పే మనిషి కాదు. కానీ తాను నడిపే లారీకి టైరు మార్చాలన్నా నలుగురి చేత ప్రార్థన చేయించే మనిషి. పెళ్లాం చదువు ప్రార్థన లేకుండా గట్టెక్కుతుందా? ఆ రోజు మనామాలో తెలుగు క్రైస్తవుల సహవాసం కూడుకున్నప్పుడు, జీవమ్మ వెనక వంటగదిలో సాంబారు తిప్పుతున్న సమయం చూసి, ప్రార్థన మనవులు చెప్పుకునే మైకు అందుకున్నాడు.

"నాదొక చెప్పలేని మనవి. ఇంటి సంగతి. రేపు పదింటికి. అంతకంటే చెప్పలేను," అని కళ్లు తుడుచుకున్నాడు. మైకు పట్టుకుంటే ఆయనకు కళ్లు చెమ్మగిల్లడం మొదట్నుంచీ ఉన్న అలవాటే.

చెప్పిన మనవికి ఒకటే అర్థం. చెప్పని మనవికి మనిషికొకటి.

"నేననుకుంటూనే ఉన్నాను," అంది కింద ఫ్లాటులో ఉండే రోజీ. "ఈ మధ్య జీవమ్మక్క తలుపు తీయడమే మానేసింది. మనిషి సగమైపోయింది." పాపం, జీవమ్మ తలుపేసుకుని గ్రాములూ కేజీలూ బట్టీ పడుతోంది.

"పొద్దున పదింటికంటే ఆపరేషనే," అన్నాడు సంఘం వ్యాను నడిపే కాలేబు. భోజనాల వేళకు అది పెద్ద ఆపరేషనైంది. సాయంత్రానికి ప్రాణగండమైంది. సోమరాజు పాస్టరుగారు ఉపవాసం పట్టారు.

శనివారం ఉదయం రిఫాలోని తమ ఫ్లాటులో జీవమ్మ కొత్త చీర కట్టుకుని తలుపు తీసేసరికి, ఎదురుగా రాగిజావ ఫ్లాస్కుతో రోజీ.

"తాగు అక్కా... అయ్యో, వద్దొద్దు! ఇప్పుడేమీ తాగకూడదు. అయ్యాక తాగుదువుగాని. ధైర్యంగా ఉండు, మాకంతా తెలుసు."

జీవమ్మ మొగుడి వైపు తిరిగింది. "చెప్పేశారా?"

"ఒక్క ముక్క చెప్పి ఉంటే అడుగు!" అన్నాడు కృపానందం. అది నిజమే.

వాళ్ల కారు వెనకే సంఘం వ్యాను బయలుదేరింది. కృపానందం పార్కింగు కోసం వెనక గేటులోంచి పోయాడు. ఆ గేటు మీద పాత ఆసుపత్రి బోర్డు ఇంకా ఎవరూ తీయలేదు. దాన్ని చూడగానే రోజీకి ఏడుపు తన్నుకొచ్చింది. వ్యాను దిగి లోపలికి వెళ్లేసరికి, తెల్లకోటు వేసుకున్న ఒకావిడ జీవమ్మకు కూడా తెల్లకోటు తొడిగి, తలకు టోపీ పెట్టి, రెండు రెక్కల తలుపుల్లోంచి తీసుకుపోతోంది. కృపానందం అప్పటికింకా కారుకు చోటు వెతుక్కుంటున్నాడు.

"మోకాళ్లూనండి," అన్నారు పాస్టరుగారు. వరండా నిండా మోకాళ్లే. గొంతులు కప్పు ఎగరగొట్టేలా లేచాయి.

కౌంటరు దగ్గరి నిఖత్ పరుగెత్తుకొచ్చింది. నిజామాబాద్ పిల్ల. "ఏమైంది జీ? ఎవరు పోయిన్రు?"

"ఎవరూ పోలేదమ్మా. లోపల మా అక్కకు ఆపరేషను," అంది రోజీ వెక్కుతూ.

"ఆపరేషనా? లోపల కొత్తోళ్లతోని బన్నులు చేయిస్తున్నరమ్మా! దవాఖాన ఎత్తేసి ఎన్నో ఏండ్లాయె. ఇది కాలేజీ."

తలుపులు తెరుచుకున్నాయి. చేతుల నిండా పిండితో జీవమ్మ. సంఘమంతా మోకాళ్ల మీద ఉంది. అప్పుడే కారు తాళాలు ఊపుకుంటూ కృపానందం వచ్చాడు.

"మాటిచ్చారు కదండీ!"

"మాట తప్పలేదే. ఏమీ చెప్పలేదు. అదే కొంప ముంచింది," అన్నాడు గోడకు అంటుకుపోయి.

రోజీ లేచి మోకాళ్లు దులుపుకుంది. "చదువుకోవడం కూడా దాచుకునే సంగతేనా అక్కా?"

"తప్పితే ఒక్కదాన్నే ఏడ్చుకుందామని," అంది జీవమ్మ. అంతలోనే నిజంగా ఏడ్చేసింది. "ఇప్పుడా చింతా లేదులే. నలుగురు తక్కువయ్యారట. ఈ ఏడు క్లాసే ఉండదట."

"పన్నెండింటిదాక చూస్తం," అంది నిఖత్ నొచ్చుకుంటూ. "గప్పటికి నలుగురు రాకుంటే ఖలాస్."

రోజీ ఫ్లాస్కు కింద పెట్టింది.

"నా పేరు రాయమ్మా."

"నాదీ," అన్నాడు కాలేబు. "సాయంత్రాలు వ్యాను ఖాళీయే."

పాస్టరుగారు దగ్గారు. "క్రిస్మస్ కేకు ఏటా బయటే కొంటున్నాం. నేర్చుకుంటే సంఘానికి మంచిదే."

నాలుగోవాడి కోసం అందరూ కృపానందం వైపు చూశారు.

"నేనా? నాకు టీ పెట్టడమే రాదు!"

"రానోళ్ల కోసమే జీ కాలేజీ," అంది నిఖత్, పెన్ను చేతికిస్తూ.

జీవమ్మ కళ్లు తుడుచుకుంటే ముఖమంతా పిండైంది. అలాగే నవ్వింది. మెట్ల మీద కూర్చుని, చల్లారిపోయిన రోజీ జావ చుక్క మిగల్చకుండా తాగింది. ఒంటరిగా ఏడవడానికి దాచుకున్న చోటు పోయింది గాని, దాని కోసం ఆమె బెంగపెట్టుకోలేదు. తప్పినా ఇక తోడుంటారు, పైగా మొగుడు తనకన్నా ముందే తప్పుతాడు.

అనుకున్నట్టే మొదటి వారంలో జీవమ్మ బన్నులు దూదిలా పొంగాయి. కృపానందం బన్ను కింద పడితే నేల టైలు పగిలింది.

ఆ శుక్రవారం సహవాసంలో జీవమ్మ మైకు అందుకుంది. "నాదొక చెప్పలేని మనవి. మా ఇంట్లో ఒకరి సంగతి," అని పైటచెంగు కళ్లకు అద్దుకుంది. హాలంతా జాలిగా కృపానందం వైపు తిరిగింది.

మర్నాడు తెల్లారేసరికి ఆయన గుమ్మం ముందు ఏడు ఫ్లాస్కుల జావ ఉంది.