గాలికి ఆదివారం సెలవు

ఆ శనివారం పొద్దున అకౌంటెంటు పథకం చాలా చిన్నది. మర్నాడు బావగారిని భోజనానికి పిలవాలి, మేడ మీద నాలుగు రోజులుగా తిరుగుతున్న, కరెంటు పుట్టించే గాలిమరను చూపించాలి, ఆయన నోరు మూయించాలి.

ఆ పంతానికి కారణం ఉంది. ఇంట్లోనే బట్టలు కుట్టే భార్య కొత్త మిషను కోసం దాచుకున్న డబ్బంతా గాలిమరకే పోయింది. ఐదేళ్లలో కరెంటు బిల్లులో ఆదా రూపంలో మొత్తం తిరిగొస్తుందని ఆమెకు మాటిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. నెల రోజులు ఆఫీసుకు వెళ్లేముందు మేడెక్కి, పిట్టగోడ మూలన నిలబడి గాలివేగం కొలిచాడు. ఒక్కపూటైనా తగ్గలేదు. బావగారు మాత్రం, తన చెల్లెలి డబ్బు గాలికి వదిలేశాడని బంధువులందరికీ చెప్పి వచ్చారు.

ఆదివారం బావగారు తిని మేడెక్కారు. గాలిమర కదల్లేదు. రెక్క మీద కాకి కూర్చుని ఉంది. ఆయన కాకి వంక చూసి, "అద్దె ఎంతిస్తోంది?" అన్నారు.

సోమవారం మెకానిక్ వచ్చేసరికి మర గిర్రున తిరుగుతోంది. లోపమేమీ లేదని చెప్పి, వచ్చినందుకు డబ్బు తీసుకుని వెళ్లాడు. మళ్లీ ఆదివారం ఆగింది. మళ్లీ మెకానిక్, మళ్లీ డబ్బు. ఆ తర్వాత అతనే ఫోన్ చేసి, "సోమవారం వచ్చేయమంటారా సార్?" అని అడగడం మొదలుపెట్టాడు.

ఇంకో ఆదివారం, ఆరిన బట్టలు తీస్తున్న భార్య ఉన్నట్టుండి ఆగింది.

"ఏవండీ, ఇవాళ రొట్టెల వాసన రావట్లేదు."

"మర ఆగిపోయి నేనేడుస్తుంటే, నీకు రొట్టెలు కావాలా?"

"అదే చెప్తున్నా. ఇవాళ బేకరీకి సెలవు."

అకౌంటెంటు పిట్టగోడ మీంచి వంగి చూశాడు. పక్క బేకరీ పొయ్యి వేడిని బయటికి తోసే ఫ్యాను గొట్టం, సరిగ్గా తాను గాలి కొలిచి మర పెట్టించిన మూలకే నోరు తెరుచుకుని ఉంది. నెల రోజులు తాను కొలిచింది బేకరీ ఊపిరిని.

ఎవరికీ చెప్పొద్దని భార్యను బతిమాలుతుండగానే, బేకరీ యజమాని కేకు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. బేకరీ తెరిచిన ప్రతిరోజూ తిరుగుతున్న మరను చూసి ఆయనకూ ఆశ పుట్టిందట. "మీరు లెక్కల మనిషి, ఊరికే పెట్టరు కదా సార్. కొత్త పొయ్యి కోసం దాచిన డబ్బు ఉంది. దాంతో రేపే ఇలాంటి మరకు ఆర్డరిచ్చేస్తా."

చెబితే ఆయన గొట్టాన్ని ఇంకోవైపు తిప్పేస్తాడేమో, మర పూర్తిగా ఆగిపోతుంది. చెప్పకపోతే ఇంకో మేడ మీద ఇంకో కాకి. భార్య బట్టలు మడత పెడుతోంది.

"వద్దండీ," అన్నాడు అకౌంటెంటు చివరికి. "అది మీ గాలే." గొట్టం చూపించాడు.

బేకరీ ఆయన గొట్టాన్నీ మరనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పిట్టగోడ పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు.

ఆయన కొత్త పొయ్యే కొన్నాడు. దానికి ఫ్యానూ పెద్దదే. ఆర్పితే మళ్లీ వేడెక్కడానికి సగం రోజు పడుతుంది కాబట్టి ఆదివారం సెలవు కూడా పోయింది. తనను నష్టం నుంచి తప్పించినందుకు గొట్టం జోలికి పోలేదు. పైగా పనివాళ్ల యాప్రాన్లన్నీ కుట్టమని అకౌంటెంటు భార్యకు అడ్వాన్సిచ్చాడు. ఆ డబ్బుతోనే ఆమెకు కొత్త మిషను వచ్చింది. తర్వాతి ఆదివారం బావగారు మేడెక్కి, కాకి కోసం వెతికి, మాట్లాడకుండా దిగిపోయారు.

అమ్మకాలు తగ్గితే మాత్రం పొయ్యి ఆర్పక తప్పదని బేకరీ ఆయన ముందే చెప్పాడు. అందుకే ఇప్పుడా ఇంట్లో రెండు పూటలా బేకరీ రొట్టే. పెట్టుబడి నాలుగేళ్లకే తిరిగొచ్చేస్తుందని అకౌంటెంటు కొత్త లెక్క వేశాడు. రొట్టెల ఖర్చు మాత్రం ఇంకా అందులో చేర్చలేదు.